కట్టుబాటు దాటాక మొదటి రెండేళ్లు

కఠినమైన మతసమాజంలో పుట్టి పెరిగిన మనిషికి రోజు ఎలా గడపాలో సమాజమే చెబుతుంది. ఎన్నింటికి లేవాలి, ఏం తొడుక్కోవాలి, ఏ పాట వినకూడదు, జీతంలో ఎంత సమర్పించాలి, ఎవరిని పెళ్లాడాలి, జబ్బు చేస్తే ఏ వైద్యం వద్దనాలి, అన్నిటికీ జవాబు ముందే ఉంటుంది. అక్కడినుంచి బయటికి రావడమంటే నమ్మకం వదులుకోవడమేనని చూసేవాళ్లు అనుకుంటారు. చాలామందికి ఆ పని ఇల్లు దాటకముందే అయిపోతుంది. కొందరికి అసలు జరగదు. దేవుణ్ణి గుండెల్లో పెట్టుకుని, సంఘాన్ని మాత్రం వదులుతారు. ఇద్దరికీ అసలు కష్టం ఆ తర్వాతే. ఇన్నాళ్లూ ఇంకెవరో తీసుకున్న వందల నిర్ణయాలు ఒక్కసారిగా ఒక్కరి మీద పడతాయి. స్వేచ్ఛ ఈతలాంటిది. ఒడ్డున నిలబడి ఎంత కోరుకున్నా రాదు, నీళ్లలో దిగి నేర్చుకోవాలి. లోతు లేనిచోట ముందు దిగాలి.

ఈ దారిని జాగ్రత్తగా గమనించినవారిలో సామాజిక శాస్త్రవేత్త హెలెన్ రోజ్ ఎబా ఒకరు. ఆమె ఒకప్పుడు క్యాథలిక్ మఠకన్య. మఠం వదిలినవారినీ, విడాకులు తీసుకున్నవారినీ, వృత్తి మానుకున్నవారినీ కలిసి మాట్లాడి, 1988లో ప్రచురించిన అధ్యయనంలో ఆమె నాలుగు దశలు గుర్తించారు: మొదటి సందేహం, వేరే దారుల వెతుకులాట, మలుపు, చివరగా 'మాజీ' అనే కొత్త గుర్తింపును కట్టుకోవడం. ఈ నాలుగోది తక్కిన మూడింటికన్నా భిన్నం. పెళ్లికానివారికీ విడాకులు తీసుకున్నవారికీ తేడా ఉన్నట్టే, ఆ సమాజంలో ఎన్నడూ లేనివారికీ, ఉండి వచ్చినవారికీ తేడా ఉంటుంది. పాత పాత్ర పూర్తిగా ఊడిపోదు. ఊడిపోలేదని తమను తాము నిందించుకోవడమే మొదటి ఏడాదిలో ఎక్కువమంది చేసే పొరపాటు.

ఏ గుమ్మంలోంచి వెళుతున్నారు

వెళ్లే తీరును బట్టి తర్వాతి జీవితం చాలావరకు మారిపోతుంది. అమెరికాలో పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ క్రైస్తవ సమాజంలో బాప్తిస్మం పెద్దయ్యాకే, సాధారణంగా ఇరవై ఏళ్లకు కాస్త అటూ ఇటూగా తీసుకుంటారు. అది తీసుకోకముందే వెళ్లిపోయినవారు సాధారణంగా ఇంటికి వచ్చిపోతూ ఉండగలరు. తీసుకున్నాక వెళితే ప్రమాణం తప్పినట్టు లెక్క, వెలి పడుతుంది. యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖలోనూ బాప్తిస్మం అయిన సభ్యులు 'ఇక నేను సాక్షిని కాను' అని రాసిస్తే సభలో ప్రకటిస్తారు, ఆ రోజునుంచి స్నేహితులూ చాలావరకు బంధువులూ మాటలు మానేస్తారు. 2024లో ఆ సంస్థ బహిష్కరణకు పేరు మార్చి, అలాంటివారు సభకు వస్తే క్లుప్తంగా పలకరించవచ్చని కొంత సడలించింది. వారితో స్నేహం మాత్రం ఇప్పటికీ కూడదు. ఉత్తరం ఇవ్వకుండా సభలకు వెళ్లడం నెమ్మదిగా తగ్గించుకున్నవారికి ఆ ప్రకటన జరగకపోవచ్చు. అమ్మతో ఫోన్ మాటలు మిగలవచ్చు.

అందుకే, బాహాటంగా రాజీనామా ఇవ్వడం నిజాయితీగా, వీరోచితంగా అనిపించినా, అది వెనక్కి తీసుకోలేని అడుగని ముందే తెలిసుండాలి. ఇంట్లో తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నవారు నిశ్శబ్దంగా జారుకునే దారిని ఎంచుకుంటే అది పిరికితనం కాదు. అయితే దానికీ మూల్యం ఉంది. ఏళ్ల తరబడి సగం మాటలు దాచుకుంటూ బతకడం మనిషిని లోపల్నుంచి అరగదీస్తుంది. రెండింటిలో ఏది మోయగలరో ఎవరికి వారే తేల్చుకోవాలి.

న్యాయస్థానాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 1948 సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణం మతం మార్చుకునే స్వేచ్ఛను గుర్తించింది, కానీ వెలివేసిన సమాజంతో మళ్లీ మాట్లాడించే బలం దానికి లేదు. వెలిపడిన సభ్యుడొకరు వేసిన కేసులో, హక్కులో ఆస్తో ముడిపడి లేని ఇలాంటి సంఘ నిర్ణయాన్ని సమీక్షించే అధికారం కోర్టులకు లేదని 2018లో కెనడా సుప్రీంకోర్టు తేల్చింది. మన దేశంలో బొంబాయి రాష్ట్రం 1949లో వెలిని నిషేధిస్తూ చట్టం చేస్తే, దావూదీ బోహ్రా అనే షియా ముస్లిం శాఖ మతాధిపతి వేసిన కేసులో 1962లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2023లో ఆ ప్రశ్న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్లింది. మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణను నేరం చేస్తూ విడిగా ఒక చట్టం తెచ్చింది. బెదిరింపు, దాడి, ఆస్తి, పిల్లలు, ఈ నాలుగు విషయాల్లో చట్టం పనికొస్తుంది. ప్రేమ ఆగిపోతే ఏ చట్టమూ తిప్పి తేలేదు.

కాగితాలు

ఎవరికైనా మొదటి పని ఇదే, ఇదే అందరూ ఆఖరికి వదిలేసేది. జనన ధ్రువపత్రం, ఫోటో గుర్తింపు కార్డు, చదువు సర్టిఫికెట్లు, పెళ్లయితే వివాహ ధ్రువపత్రం, పిల్లల టీకాల కార్డులు, వాడుతున్న మందుల చీటీలు. అసలు కాగితాలు ఇంటిపెద్ద దగ్గరో సంఘం దగ్గరో ఉంటే ముందుగా ఫోటోలు తీసుకోవాలి. వాటిని మూడుచోట్ల ఉంచాలి: తమ దగ్గర ఒక ప్రతి, ఇంకెవరికీ పాస్‌వర్డ్ తెలియని కొత్త ఈమెయిల్‌లో ఒకటి, సంఘంతో సంబంధం లేని నమ్మకస్తుల దగ్గర ఒకటి. అసలు దొరక్కపోతే నకలు తీసుకోవడానికి అర్జీ పెట్టాలి. దానికి వారాలూ నెలలూ పడుతుంది కాబట్టి వెళ్లకముందే మొదలుపెట్టడం మేలు.

కాగితం లేకపోతే ఏమవుతుందో ఆమిష్ సమాజం వదిలిన కుర్రవాళ్లకు బాగా తెలుసు. 1965లో అమెరికా చట్టం ఆమిష్‌లకు సామాజిక భద్రతా పన్ను నుంచి మినహాయింపు ఇచ్చింది. దాంతో చాలామంది ఆ పన్ను లెక్కకు వాడే సామాజిక భద్రతా నంబరు లేకుండానే పెరుగుతారు. ఫోటో దిగడం మీద అభ్యంతరం ఉండడంతో ఫోటో గుర్తింపూ ఉండదు. ఎనిమిదో తరగతితో బడి మాన్పించే హక్కు 1972లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. నంబరు లేనిదే జీతం పుట్టదు, గుర్తింపు లేనిదే అద్దెకు గది దొరకదు. మంచి వడ్రంగి పని చేతిలో ఉన్న మనిషికి కూడా ముందు నెలలన్నీ ఈ ముడులు విప్పుకోవడంతోనే సరిపోతాయి. హసీదీ యూదు సమాజాలు వదిలినవారిలో చాలామందికి భాషే అడ్డంకి, ఎందుకంటే మగపిల్లల బడుల్లో చదువు ఎక్కువగా యిడ్డిష్ అనే యూదుల భాషలో సాగుతుంది. అలాంటివారికి చదువు, ఉద్యోగం, తోడు కల్పించడానికి ఇజ్రాయెల్‌లో 1991లో హిల్లెల్, న్యూయార్క్‌లో 2003లో ఫుట్‌స్టెప్స్ అనే సంస్థలు పుట్టాయి.

ఎవరూ గుర్తు చేయని కాగితం ఇంకొకటి ఉంది. యెహోవాసాక్షులు 1945 నుంచి రక్తమార్పిడిని పాపంగా చూస్తున్నారు. స్పృహ తప్పినా రక్తం ఎక్కించవద్దని ముందే సంతకం చేసిన పత్రాన్ని వెంట ఉంచుకుంటారు. సంఘం వదిలినా ఆ పత్రం ఆస్పత్రి రికార్డుల్లోనో, బంధువుల బీరువాలోనో అలాగే ఉండిపోతుంది. దాన్ని రాతపూర్వకంగా రద్దు చేసి, డాక్టరుకు కొత్త ప్రతి ఇచ్చి, వైద్య నిర్ణయాలకు ప్రతినిధిగా రాసిన సంఘస్థుల పేరు తీసేయించాలి. బీమాలో నామినీ, బ్యాంకులో నామినీ, వీలునామా, ఫోన్‌లోని అత్యవసర నంబరు, అన్నిట్లోనూ ఇదే పని. ఈమెయిల్ రికవరీ నంబరు ఎవరిదో, ఫోన్ లొకేషన్ ఎవరికి కనిపిస్తోందో కూడా చూడాలి. హింస భయం ఉన్నచోట ఇవన్నీ పాత ఫోన్‌లో మార్చకూడదు. మార్పు సందేశం అవతలివారికే ముందు చేరే అవకాశం ఉంది. కొత్త ఫోన్, కొత్త నంబరుతో మొదలుపెట్టి, గడప దాటాక పాతవి మార్చాలి.

డబ్బు

సంఘానికి పనిచేసి పెట్టిన ఏళ్లకు జీతం అడిగితే దొరుకుతుందనుకోవడం భ్రమ. 1983 నాటి క్యాథలిక్ ధర్మశాస్త్రం 702వ నిబంధన, మఠం వదిలినవారు అక్కడ చేసిన పనికి ఏమీ కోరలేరని చెబుతూనే, వారి పట్ల మఠం న్యాయంగా, దయతో నడుచుకోవాలంటుంది. అంటే హక్కుగా అడగడానికి లేదు, సాయంగా అడగవచ్చు. ఆ రెండో వాక్యాన్ని గుర్తుపెట్టుకుని మర్యాదగా, రాతలో అడిగితే కొంత రావచ్చు. అమెరికాలో బహుభార్యత్వం పాటించే మోర్మన్ చీలిక శాఖ ఎఫ్‌ఎల్‌డీఎస్ సమాజంలో ఇళ్లన్నీ సంఘం ట్రస్టు పేర ఉండేవి. సొంత చేతులతో కట్టుకున్న ఇల్లయినా సరే, వెలిపడితే ఖాళీ చేయాల్సిందే. 2005లో యూటా కోర్టు ఆ ట్రస్టును తన అధీనంలోకి తీసుకున్నాకే అక్కడ పరిస్థితి మారింది. ఉంటున్న ఇల్లు ఎవరి పేర ఉందో ముందే కనుక్కోవాలనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

సంఘస్థులు పనిచేయని బ్యాంకులో విడి ఖాతా తెరిచి, కనీసం మూడు నెలల అద్దె, తిండి, ప్రయాణ ఖర్చు కూడబెట్టుకుని కదలడం మంచిది. ప్రమాదంలో ఉన్నవారు మాత్రం డబ్బు కోసం ఆగకూడదు. దశమభాగం ఇచ్చే అలవాటున్నవారికి ఒక చిన్న లాభం ఉంది. జీతంలో పదోవంతు లేకుండా బతకడం వారికి ముందే వచ్చు. అదే మొత్తాన్ని అదే తేదీన పొదుపు ఖాతాలో వేస్తే ఏడాదికి ఒక నెలకు పైగా జీతం పోగవుతుంది. అప్పు, క్రెడిట్ కార్డు, వాయిదాల కొనుగోలు ఎన్నడూ చూడనివారు మొదటి ఏడాది వాటి జోలికి పోకపోవడమే క్షేమం. లోపల ఉన్నప్పుడు అక్కర తీర్చడానికి సంఘం ఉండేది, బయట వడ్డీ ఉంటుంది.

చిన్న నిర్ణయాలు, పెద్ద నిర్ణయాలు

బట్టల దుకాణంలో నిలబడి ఏడ్చేసినవారి సంగతి ఈ రంగంలో పనిచేసేవారికి కొత్తది కాదు. 'నీకేం ఇష్టం' అన్న ప్రశ్న ఇరవై ఏళ్లుగా ఎవరూ అడగకపోతే జవాబు లోపల తయారై ఉండదు. ఇష్టం కూడా వాడుతుంటేనే పెరుగుతుంది. అందుకని వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయాలతో మొదలుపెట్టాలి: జుట్టు, బట్టలు, పాటలు, పుస్తకాలు, గది గోడ రంగు, సెలవురోజు నిద్ర. రోజుకొకటి చొప్పున ప్రయత్నించి 'నచ్చింది, నచ్చలేదు, తెలియదు' అని మూడు మాటల్లో ఒకటి రాసుకుంటే చాలు. 'తెలియదు' ఎక్కువగా వస్తే కంగారు పడనక్కర్లేదు. కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది.

వెనక్కి తీసుకోలేనివి, అంటే పెళ్లి, బిడ్డ, పచ్చబొట్టు, పెద్ద అప్పు, పేరుతో బహిరంగంగా సంఘాన్ని విమర్శించడం, వీలైతే ఏడాది ఆగాలి. ఎక్కువగా బెడిసికొట్టేది పెళ్లే. ఒంటరితనం భరించలేక, బయట మొదట ఆదరించినవారిని ఆరు నెలల్లో చేసుకోవడం జరుగుతూ ఉంటుంది. ప్రేమలో నిజం లేదని కాదు. నిర్ణయాలు ఇంకొకరికి అప్పగించే పాత అలవాటు కొత్త మనిషి దగ్గర చేరి కూర్చుంటుంది. 'వద్దు' అని చెప్పి, అవతలి మనిషి ముఖం చూసి, ఆ తర్వాత ఏం జరుగుతుందో కొన్నిసార్లు గమనించాకే ఆ సంబంధం ఎలాంటిదో తెలుస్తుంది. శరీరం, సమ్మతి, గర్భనిరోధం గురించి ఏమీ నేర్పకుండా పెంచినవారు సిగ్గుపడకుండా డాక్టరుతో ఒక్కసారి పూర్తిగా మాట్లాడాలి. ఆ సందర్భంలోనే పిల్లప్పుడు వేయని టీకాల సంగతి కూడా అడగవచ్చు. మద్యం సంగతి క్లుప్తంగా: ఎన్నడూ తాగనివారికి తమ హద్దు తెలియదు, తోటివాళ్లు తాగినంత తాగుతారు, అక్కడే ప్రమాదం. తాగకుండా ఉండడం కూడా స్వేచ్ఛే.

నమ్మకం పోయినా పోని భయం

బయటికొచ్చినవారిని అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది ఇదే, దీన్ని గురించే తక్కువ మాట్లాడతారు. నరకం లేదని బుద్ధికి తెలుసు. అయినా ఉరుము ఉరిమితే, భూకంపం వార్త వింటే, దగ్గరివాళ్లు పోతే ఒళ్లు వణుకుతుంది, 'ఇది నాకు పడిన శిక్ష' అన్న మాట మనసులో మెదులుతుంది. 'అంటే ఇంకా నమ్ముతున్నానా, తప్పు చేశానా' అని మళ్లీ సందేహం. వెనక్కి వెళ్లిపోయినవారిలో కొందరు ఈ భయాన్ని దైవసూచన అనుకునే వెళ్లారు.

నమ్మకం ఆలోచనలో ఉంటుంది. భయం మాత్రం చిన్ననాడే శరీరానికి నేర్పిన పాఠం. ఆలోచన మారినంత త్వరగా పాఠం చెరిగిపోదు. అణిచిపెడితే ఇంకా బలపడుతుంది. 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ చేసిన ప్రయోగంలో తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పినవారికి ఆ ఆలోచనే మళ్లీ మళ్లీ వచ్చింది. కాబట్టి భయాన్ని తరమకుండా, దానికి పేరు పెట్టి వదిలేయాలి: 'ఇది పాత భయం, నాకు ఏడేళ్లప్పుడు నేర్పింది.' తర్వాత చిన్న మెట్లు కట్టుకోవాలి. రోజూ అయిదు పూటల ప్రార్థన తప్పితే గుండె దడ వచ్చేవారు మొదట ఒక పూటను పది నిమిషాలు ఆలస్యం చేయవచ్చు. దడ సున్నా నుంచి పది మధ్య ఎంతుందో వేసుకుని, సగానికి దిగేదాకా ఆ పరిస్థితిలోనే ఉండాలి. అది తేలికయ్యాక అరగంట, ఆ తర్వాత ఒక పూట. ప్రార్థన ఇష్టమై చేసుకునేవారు చేసుకోవచ్చు. భయంతో చేసేదాన్ని ఇష్టంతో చేసేదిగా మార్చుకోవడానికి కూడా ఇదే దారి.

ఈ పద్ధతి విఫలమయ్యేది ఎక్కువగా రెండు కారణాలతో: పైకి మానేసి, లోపల ప్రార్థన గొణుక్కోవడం. లేదా ప్రతి సాయంత్రం స్నేహితులకు ఫోన్ చేసి 'నేను చేసింది పాపం కాదు కదా' అని అడగడం. ఆ ఊరట పది నిమిషాలు పనిచేసి భయాన్ని ఇంకా పెంచుతుంది. పాపభీతి రోజులో గంటలు మింగుతుంటే, పీడకలలతో నిద్ర లేకపోతే, చనిపోవాలన్న ఆలోచన వస్తే సొంత వైద్యం ఆపి వెంటనే మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లాలి. మనస్తత్వవేత్త మార్లీన్ వినెల్ 2011లో ఈ లక్షణాలకు కలిపి ఒక పేరు పెట్టారు గానీ అది అధికారిక రోగనిర్ధారణ కాదు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం 1994 కూర్పులో 'మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య' అన్నదాన్ని చేర్చింది, దాన్ని రోగంగా కాకుండా వైద్యుల దృష్టి పడాల్సిన విషయంగా చూసింది. మొదటి సమావేశంలోనే సలహాదారుణ్ణి ఒక ప్రశ్న అడగాలి: 'నన్ను మతం వైపు గానీ, మతానికి దూరంగా గానీ నెడతారా?' రెండింటికీ కాదనే జవాబు రాకపోతే వేరొకరిని వెతుక్కోవాలి.

రెండు వందల గంటలు

సంఘం నియమాలతో పాటు వారంలో పదిహేను ఇరవై గంటల సాంగత్యం కూడా ఇస్తుంది. సభలు, భోజనాలు, పాటలు, జబ్బు చేస్తే ఇంటికొచ్చే నలుగురు. ఆ ప్రేమలో చాలావరకు నిజమైనదే. అది పోయినందుకు ఏడవడం సహజం, ఆ ఏడుపును సంఘంపై కోపంతో కప్పిపుచ్చుకుంటే ఆలస్యంగా తిరిగొస్తుంది. సెలవురోజు ఉదయం అన్నిటికన్నా బరువుగా గడుస్తుంది. ఏ సమయానికి సభ జరిగేదో, ఆ సమయానికే ఒక నియమిత పని పెట్టుకోవాలి: ఒకేచోట, ఒకే వేళకు, వచ్చినవాళ్లే మళ్లీ వచ్చేచోట. సంగీత తరగతి, నడక బృందం, గ్రంథాలయంలో స్వచ్ఛంద సేవ, ఏదైనా సరే.

కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో లెక్కగట్టిన ప్రకారం పరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, స్నేహం అనిపించుకోవడానికి 90, ఆప్తులు కావడానికి 200కు పైగా గంటలు కలిసి గడపాలి. వారానికి రెండు గంటల చొప్పున చూస్తే మొదటి మజిలీకి ఆరు నెలలు, ఆఖరిదానికి రెండేళ్లు. ఈ లెక్క తెలియకే, మూడు నెలల్లో ఆప్తులు దొరకలేదని 'లోకస్థులకు ప్రేమ లేదు' అన్న పాత బోధ నిజమేనేమో అనుకుంటారు. లోపల అంత త్వరగా చుట్టాలైపోవడానికి కారణం వారానికి ఇరవై గంటలు కలిసి ఉండడమే. ఆకలిగా ఉన్న ఈ కాలంలోనే ఇంకో కఠిన బృందం చేరదీస్తుంది. అది మతమే కానక్కర్లేదు. గొలుసుకట్టు వ్యాపారం, వ్యక్తిత్వ వికాస శిబిరం, రాజకీయ బృందం ఏదైనా కావచ్చు. చేరకముందు దాన్ని వదిలినవారు ఇద్దరిని వెతికి మాట్లాడాలి. వదిలినవారితో మాట్లాడవద్దని ఎవరైనా అంటే అంతకన్నా తెలుసుకోవాల్సింది లేదు.

ఇంట్లోవాళ్లు

సిద్ధాంత వాదన మానేయాలి. అవతలివారు వాదనను దాడిగా వింటారు, అలా వినమనే వారికి నేర్పారు. అయిదారు వాక్యాల ఉత్తరం చాలు: ఎక్కడున్నారో, క్షేమంగా ఉన్నారని, ప్రేమ తగ్గలేదని, ఈ నంబరు మారదని. ఏడాదికి రెండు మూడుసార్లు, జవాబు రాకపోయినా, అదే ధోరణిలో రాయవచ్చు. పిల్లలున్నవారి దారి వేరు. చాలా చోట్ల కోర్టులు బిడ్డ ఇప్పటికే ఎవరి దగ్గర స్థిరంగా ఉందో చూస్తాయి, కాబట్టి న్యాయవాదిని కలవకుండా పిల్లల్ని వదిలి ఇల్లు దాటితే తర్వాత తిరిగి పొందడం కష్టమవుతుంది. కలిసిన తేదీలు, కలవనివ్వని తేదీలు, కట్టిన ఫీజులు ఒక పుస్తకంలో రాసుకోవాలి. బిడ్డకు పాత ఆచారాలన్నీ ఒక్కరోజులో మాన్పించడం, అమ్మానాన్నల్లో రెండోవారి నమ్మకాన్ని వెక్కిరించడం బిడ్డకూ మంచిది కాదు, కేసుకూ మంచిది కాదు.

ఉత్తరంలో రాసిన ఆ నంబరును, దానివల్ల ప్రమాదం లేనంతవరకు, ఏళ్ల తర్వాత కూడా వదలకుండా ఉంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. లోపల మిగిలినవారిలో సందేహం మొదలైన తమ్ముడో, మరదలో, పాత స్నేహితురాలో ఏదో ఒక రాత్రి ఫోన్ చేయవచ్చు. ఆ రాత్రి వారికి సంఘం చరిత్ర, నాయకుల తప్పులు ఏవీ చెప్పనక్కర్లేదు. పడుకోవడానికి చోటు, ఫోన్ ఛార్జరు, తలుపుకు లోపలి గడియ, తెల్లారాక కాగితాల జాబితా ఇస్తే సరిపోతుంది. తిరిగి వెళ్లిపోతానంటే బస్సు దాకా తోడు వెళ్లి, నంబరు మారదని మళ్లీ చెప్పి రావాలి.